ఇంట్లో వచ్చే లెక్కలు పరీక్షలో ఎందుకు మిగిలిపోతున్నాయి? ఈఏపీసెట్, జేఈఈ, నీట్ సమయం గురించి

లక్ష్మీపురం అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. కాలేజీలో వారం వారం పెట్టే ఈఏపీసెట్ మాక్ టెస్టుల్లో ప్రతిసారీ ఒకటే సమస్య. మ్యాథ్స్‌లోనో, ఫిజిక్స్‌లోనో ఇరవై ముప్పై ప్రశ్నలు కనీసం చదవకుండానే సమయం అయిపోతోంది. ఇంటికి వచ్చాక అదే పేపరు ముందు పెట్టుకుంటే, మిగిలిపోయిన వాటిలో చాలా వరకు ఎవరి సాయం లేకుండా చేసేస్తున్నాడు. అంటే రాక వదిలినవి కావు.

కాలేజీలో అడిగితే "స్పీడు పెంచాలమ్మా" అంటారు. ఎలా పెంచాలో చెప్పరు. వాడేమో నిద్ర తగ్గించుకుని ఇంకా ఎక్కువ లెక్కలు చేస్తున్నాడు. మొహం పీక్కుపోయింది కానీ మార్కులు కదలడం లేదు. జేఈఈ మెయిన్ కూడా రాస్తాడు. ఇక్కడ పాఠాలు చెప్పేవారు, ఈ పరీక్షలు రాసి వచ్చిన పిల్లలు ఉన్నారని అడుగుతున్నాను. ఎక్కడ పట్టుకోవాలి దీన్ని?

కానూరు బీటెక్

ఆంటీ, ముందు ఒక్క విషయం కనుక్కోండి. తమ్ముడు పేపరు ఏ వరుసలో రాస్తున్నాడు?

ఈఏపీసెట్ అంటే మూడు గంటలు, 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. లెక్క వేస్తే ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. తెర మీద మొదట కనిపించేది మ్యాథ్స్. చాలామంది అక్కడే మొదలుపెట్టి రెండు గంటల పైన దానికే ఇచ్చేస్తారు. చివరి అరగంటలో కెమిస్ట్రీ, ఫిజిక్స్ కలిపి ఎనభై ప్రశ్నలు మీద పడతాయి. కెమిస్ట్రీలో చాలా ప్రశ్నలు తెలిస్తే ఇరవై సెకన్లలో అయిపోతాయి, తెలియకపోతే పది నిమిషాలు కూర్చున్నా రావు. అటువంటి సబ్జెక్టును చివరికి పెట్టుకోవడం నష్టం.

నేను రాసినప్పుడు కెమిస్ట్రీకి అరగంట, ఫిజిక్స్‌కి ముప్పావు గంట, మ్యాథ్స్‌కి 95 నిమిషాలు, ఆఖరి పది నిమిషాలు మిగిలినవాటికి అని పెట్టుకున్నాను. సబ్జెక్టుల మధ్య ఎటు కావాలంటే అటు వెళ్లవచ్చు, అడ్డేమీ లేదు.

పటమట విద్యార్థిని

నాకు కెమిస్ట్రీ ముందు రాయడం అస్సలు కుదరలేదు అన్నయ్యా. ఇనార్గానిక్‌లో వరసగా రెండు మూడు తెలియనివి తగిలితే అక్కడే మనసు చెదిరిపోతుంది. ఆ తర్వాత మ్యాథ్స్ కూడా పాడవుతుంది. నేను మ్యాథ్స్‌తోనే మొదలుపెడతాను, కానీ సగం సమయం కాగానే ఎక్కడున్నా ఆపేసి కెమిస్ట్రీకి వెళ్లిపోతాను. వరుస ఎవరికి వారే తేల్చుకోవాలేమో.

కానూరు బీటెక్

ఒప్పుకుంటాను. వరుస ఏదైనా, ఒకసారి తేల్చుకున్నాక పరీక్ష రోజు మార్చకుండా ఉంటే చాలు. హాల్లో కూర్చుని వరుస గురించి ఆలోచించకూడదు.

గణితం మాస్టారు (గుంటూరు)

అమ్మా, ఇరవై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెబుతున్నాను. మీ అబ్బాయి లాంటి పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. వీళ్లు బాగా చదివేవాళ్లు. అందుకే ఇరుక్కుంటారు. రాని పిల్లవాడు ప్రశ్నను వెంటనే వదిలేస్తాడు. వచ్చిన పిల్లవాడికి "ఇంకొక్క నిమిషం చూస్తే తేలిపోతుంది" అనిపిస్తుంది. ఆ ఒక్క నిమిషం నాలుగు నిమిషాలవుతుంది. అలాంటివి పది తగిలితే నలభై నిమిషాలు పోయినట్టే. చివర్లో చూడకుండా వదిలిన ముప్పై ప్రశ్నల సమయం అక్కడ ఖర్చయింది. చేయి వేగంగా ఆడక కాదు.

కాబట్టి ముందు నేర్పాల్సింది వదలడం. ప్రశ్న చదవగానే దారి కనిపించాలి. దారి కనిపించి, మూడు నాలుగు మెట్లలో తేలేదైతే చేసేయాలి. దారి తెలుసు కానీ పొడవు అనిపిస్తే గుర్తు పెట్టి ముందుకు పోవాలి. దారే కనిపించకపోతే రఫ్ కాగితం మీద పెన్ను పెట్టకుండానే పోవాలి. ఇలా 80 మ్యాథ్స్ ప్రశ్నలూ ఒక చుట్టు చూడటానికి యాభై నిమిషాలు మించకూడదు. రెండో చుట్టులో పొడవుగా ఉన్నవి తీసుకోవాలి. సాధారణంగా మొదటి చుట్టులోనే సగానికి పైగా తేలిపోతాయి. ఆ మార్కులు చేతికొచ్చాక పిల్లవాడి ఊపిరి మారుతుంది, రెండో చుట్టు స్థిమితంగా చేస్తాడు.

రెండోది ఇంటర్ బోర్డు పరీక్షల అలవాటు. అక్కడ ప్రతి మెట్టుకూ మార్కు ఉంటుంది కాబట్టి మేమే పిల్లలతో మెట్లన్నీ రాయిస్తాం. ఇక్కడ జవాబుకు తప్ప మెట్లకు మార్కు లేదు. ఒక ఉదాహరణ చూడండి. ఇంటర్ లెక్కల్లో పాక్షిక భిన్నాలు. (3x+7)/((x−1)(x−2)) ను A/(x−1) + B/(x−2) గా రాస్తే A, B ఎంత? బోర్డు పద్ధతిలో అడ్డ గుణకారం చేసి, గుణకాలు పోల్చి, రెండు సమీకరణాలు సాధించి ఏడెనిమిది వరుసలు రాస్తాడు. ఇక్కడ (x−1) ను వేలితో మూసి మిగతా దానిలో x=1 వేస్తే 10/(−1), అంటే A = −10. (x−2) ను మూసి x=2 వేస్తే 13/1, B = 13. పెన్ను కదపనక్కరలేదు. త్రికోణమితిలో θ ఏ విలువకైనా నిజమయ్యే సర్వసమీకరణం ఇస్తే θ స్థానంలో 30 డిగ్రీలు వేసి ఆప్షన్లు సరిచూడవచ్చు. రెండు ఆప్షన్లకు ఒకే విలువ వస్తే మరో కోణం వేయాలి. ఫిజిక్స్‌లో మితులు (డైమెన్షన్లు) సరిపోని ఆప్షన్‌ను లెక్క చేయకుండానే కొట్టేయవచ్చు.

మీ అబ్బాయి రాత్రుళ్లు చేసే అదనపు లెక్కల్లో ఈ సాధన ఉందా, లేక బోర్డు పద్ధతిలోనే మరో వంద చేస్తున్నాడా? అది చూడండి. రెండోదైతే నిద్ర తగ్గించుకోవడం వృథా.

గొల్లపూడి నాన్న

మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. మా అమ్మాయి స్నేహితురాలు తెలియనివి "నిజాయితీగా" వదిలేసి వచ్చింది. బాధేసింది.

గణితం మాస్టారు (గుంటూరు)

చాలా ముఖ్యమైన మాట. గడియారంలో ఐదు నిమిషాలు ఉండగా చేస్తున్న లెక్క ఎంత దగ్గరపడినా ఆపేయాలి. మిగిలిన ఖాళీలన్నీ నింపాలి. ఇరవై ప్రశ్నలకు ఆప్షన్ నొక్కి ముందుకు వెళ్లడానికి రెండు నిమిషాలు చాలు. నాలుగు ఆప్షన్లు కాబట్టి సగటున ఇరవైలో ఐదు కలుస్తాయి. అన్నింటికీ ఒకే ఆప్షన్ పెట్టినా, రకరకాలుగా పెట్టినా సగటు మారదు. ఒకే ఆప్షన్ పెడితే ఆలోచించే పని తప్పుతుంది. మధ్య ర్యాంకుల్లో ఒక్కో మార్కు దగ్గర ఎంతమంది గుమిగూడి ఉంటారో కౌన్సెలింగ్‌కు వెళ్లినవాళ్లకు తెలుసు.

పటమట విద్యార్థిని

సార్, మరి జేఈఈ మెయిన్‌లో? అక్కడ తప్పుకు ఒక మార్కు పోతుంది. మా క్లాసులో కొందరు సందేహం ఉన్నది ఏదీ ముట్టుకోవద్దంటారు, కొందరు అన్నీ పెట్టేయమంటారు.

గణితం మాస్టారు (గుంటూరు)

లెక్కే వేద్దామమ్మా. సరైనదానికి +4, తప్పుకు −1. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పులు. 4−3, అంటే నాలుగు ప్రశ్నలకు కలిపి ఒక్క మార్కు మిగులుతుంది. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే మూడు ప్రశ్నలకు 4−2, రెండు మార్కులు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే రెండు ప్రశ్నలకు 4−1, మూడు మార్కులు.

పైకి చూస్తే గుడ్డిగా పెట్టినా లాభమే అనిపిస్తుంది. కానీ సగటు అనేది వందల ప్రశ్నల మీద నిలబడే మాట. ఒక పేపరులో ఐదారు గుడ్డివి పెడితే ఐదారూ పోయే అవకాశం తక్కువేమీ కాదు. అందుకని నేను పిల్లలకు రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే పెట్టమని, ఏదీ కొట్టలేకపోతే వదిలేయమని చెబుతాను. ఒకటి మాత్రమే కొట్టగలిగితే ఆ రోజు పేపరు ఎలా పోతోందో చూసుకుని తేల్చుకోవాలి.

న్యూమరికల్ ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, వాటికీ నెగెటివ్ ఉంది. ఊహించి అంకె వేయడంలో అర్థం లేదు.

కానూరు బీటెక్

జేఈఈ మెయిన్ నడక పూర్తిగా వేరు ఆంటీ. 2025 నుంచి 75 ప్రశ్నలే, సబ్జెక్టుకు 25. అందులో 20 ఆప్షన్లవి, 5 న్యూమరికల్. అంతకుముందు న్యూమరికల్‌లో పదింటిలో ఐదు ఎంచుకునే వీలుండేది, ఇప్పుడు లేదు. మూడు గంటలకు 75 అంటే ప్రశ్నకు 2 నిమిషాల 24 సెకన్లు. ఈఏపీసెట్ వేగంతో అక్కడ రాస్తే తప్పులు దొర్లుతాయి, జేఈఈ నిదానంతో ఇక్కడ రాస్తే మీ అబ్బాయికి జరుగుతున్నదే జరుగుతుంది. ఒకే వారంలో రెండు మాక్‌లూ రాసే పిల్లలు ఇది గమనించుకోరు. కుదిరితే ఒక పరీక్ష దగ్గరపడినప్పుడు ఆ నడకే సాధన చేయించండి.

ఇంకో సంగతి. న్యూమరికల్ జవాబు తెర మీది అంకెల్ని మౌస్‌తో నొక్కి ఇవ్వాలి, కీబోర్డు ముట్టుకోకూడదు. అలవాటు లేకపోతే ఒక్కోదానికి పది పదిహేను సెకన్లు అదనంగా పడుతుంది.

మంగళగిరి తెలుగు మీడియం

నేను తెలుగు మీడియంలో చదివి ఈఏపీసెట్ రాశాను. మా లాంటి వాళ్ల ఇబ్బంది ఎవరూ చెప్పలేదని రాస్తున్నాను. తెర మీద ప్రశ్న ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. నేను మొదట్లో రెండూ చదివేవాడిని. తెలుగులో చదివి, సందేహమొచ్చి ఇంగ్లిష్ చూసి, మళ్లీ తెలుగుకు వచ్చేవాడిని. ప్రశ్నకు పది సెకన్లు వేసుకున్నా 160 ప్రశ్నలకు 26 నిమిషాలు! మా లెక్చరర్ గారు చూసి, ఒకే భాషలో చదవమని, అర్థం కాని చోట మాత్రమే రెండోది చూడమని చెప్పారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఒక్కటీ ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. ఊళ్లలో చదివి వచ్చినవాళ్లు తెలివిలో ఎవరికీ తక్కువ కాదు, ఇలాంటి చిన్న చిన్న చోట్ల వెనకబడుతున్నారు.

తెనాలి బైపీసీ

నీట్ వాళ్ల కోసం నేను రాస్తాను. 2025లో రాశాను. 2022 నుంచి 2024 వరకు 200 ప్రశ్నలు ఇచ్చి 180 రాయమనేవారు, సమయం 200 నిమిషాలు. 2025లో మళ్లీ పాత పద్ధతికి వచ్చారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, ఎంపిక లేదు. అంటే ప్రశ్నకు నిమిషం, అందులోనే ఓఎంఆర్ (జవాబుల గడులు పెన్నుతో నింపే పత్రం) దిద్దడం కూడా. ఒక్కో గడికి నాలుగు సెకన్లు వేసుకున్నా 12 నిమిషాలు దానికే పోతాయి. ఈ 12 నిమిషాలు లెక్కలో పెట్టుకోని పిల్లలు చాలామంది ఉన్నారు.

నేను బయాలజీ తొంభై ప్రశ్నలతో మొదలుపెట్టాను, తర్వాత కెమిస్ట్రీ, చివర ఫిజిక్స్. ఆ ఏడాది ఫిజిక్స్ కఠినంగా వచ్చింది. దానితో మొదలుపెట్టిన నా స్నేహితులు అక్కడే చాలాసేపు ఉండిపోయారు. గడులు అన్నీ ఆఖరున దిద్దుదామనుకోవద్దు. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతిదాని జవాబు దాని గడిలో పెట్టారంటే వరస మొత్తం జారిపోతుంది, పెన్నుతో దిద్దినది చెరపలేం. అలాగని ఒక్కో ప్రశ్నకూ చేయి బుక్‌లెట్‌కూ ఓఎంఆర్‌కూ మధ్య తిప్పుతుంటే సమయం పోతుంది. ఒక పేజీ పూర్తయ్యాక ఆ పేజీవి దిద్దడం నాకు కుదిరింది. వదిలిన ప్రశ్నల పక్కన బుక్‌లెట్‌లో సున్నా చుట్టుకున్నాను.

తెలుగు ఎంచుకున్నవాళ్లకు బుక్‌లెట్ రెండు భాషల్లో ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌దే తుది. మంగళగిరి అన్నయ్య చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది.

లక్ష్మీపురం అమ్మ (గుంటూరు)

అందరికీ ఎంత ధన్యవాదాలు చెప్పినా తక్కువే. కనుక్కున్నాను. వరస ప్రకారం మ్యాథ్స్‌తోనే మొదలుపెడుతున్నాడు, గడియారం చూడటం చివర్లోనే. ఇంకొకటి బయటపడింది. కాలేజీలో మాక్ టెస్టులు ఎక్కువగా ఓఎంఆర్ మీదే పెడుతున్నారు. అసలు పరీక్ష కంప్యూటర్ మీద కదా, తేడా పడుతుందా? మాస్టారూ, పరీక్ష అయ్యాక ఎక్కడ సమయం పోయిందో ఇంట్లో నేను ఎలా చూడగలను? నాకు లెక్కలు రావు.

కానూరు బీటెక్

తేడా పడుతుంది ఆంటీ. కాగితం మీదైతే పటం పక్కనే గీతలు గీసుకుంటాం. కంప్యూటర్ మీద ప్రతిదీ రఫ్ కాగితం మీదికి ఎక్కించుకోవాలి. ఎక్కించేటప్పుడే మైనస్ గుర్తులు జారిపోతాయి. ఈఏపీసెట్ అధికారిక వెబ్‌సైటులో నమూనా పరీక్ష పెడతారు, జేఈఈకి ఆ పరీక్ష పెట్టే ఎన్టీఏ వాళ్లదీ ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే దగ్గరి నెట్ సెంటర్‌లో అయినా వారానికొకటి రాయించండి. ఫోను మీద వద్దు.

రఫ్ కాగితం నాలుగు మడతలు పెట్టి, ప్రతి గడిలో ప్రశ్న నంబరు వేసి లెక్క మొదలుపెట్టమనండి. రెండో చుట్టులో తిరిగి వచ్చినప్పుడు మొదటినుంచి చేయనక్కరలేదు, ఆగిన చోటు కనిపిస్తుంది. తెర పక్కన ప్రశ్నల నంబర్లు రంగుల్లో ఉంటాయి. జవాబు ఇచ్చినవి ఆకుపచ్చ, చూసి వదిలినవి ఎరుపు, మళ్లీ చూద్దామని గుర్తు పెట్టినవి ఊదా. జేఈఈ మెయిన్‌లో జవాబు పెట్టి, గుర్తు కూడా పెట్టినవాటిని మూల్యాంకనంలో తీసుకుంటారు. జవాబు పెట్టకుండా గుర్తు మాత్రమే పెడితే ఏమీ రాదు. ఆప్షన్ నొక్కాక సేవ్ చేయకుండా పక్క నంబరు మీదికి దూకితే ఆ జవాబు నమోదు కాదు.

గణితం మాస్టారు (గుంటూరు)

అమ్మా, మీకు లెక్కలు రానక్కరలేదు. మాక్ అయ్యాక అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి ప్రశ్నకూ రెండే అడగండి. ఎంతసేపు పట్టింది? ఫలితం ఏమైంది? ఆన్‌లైన్ మాక్ అయితే చాలా చోట్ల ప్రశ్నకు పట్టిన సమయం అదే చూపిస్తుంది. అందులో మూడు నిమిషాలు దాటి, చివరికి తప్పయినవి వేరుగా రాయించండి. మీ అబ్బాయి జబ్బంతా ఆ కాగితం మీద కనబడుతుంది. నాలుగైదు పరీక్షలవి పక్కపక్కన పెడితే అవే అధ్యాయాలు మళ్లీ మళ్లీ వస్తాయి. సాధారణంగా నిశ్చిత సమాకలనం, ప్రస్తార సంయోగాలు, అతిపరావలయం, యాదృచ్ఛిక చలరాశులు వంటివి. ఆ అధ్యాయాలను రెండు వారాలు పట్టుకుని చదివించడమో, పరీక్షలో వాటిని రెండో చుట్టుకు నెట్టడమో తేల్చుకోవచ్చు.

రెండో కాగితం కూడా ఉంది. చివర్లో చూడకుండా వదిలిన ప్రశ్నల్లో ఒక నిమిషంలో వచ్చేసేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. ఆ సంఖ్య వాడే తన చేత్తో రాసుకోవాలి. మనం ఎంత చెప్పినా వినని మాట ఆ సంఖ్య చూస్తే వింటాడు. మార్కుల గురించి ఆ పూట మీరేమీ అనవద్దు.

బెంజ్ సర్కిల్ పిన్ని

మా అక్క కూతురు ఇంటర్ తర్వాత అమెరికా వెళ్లాలని అక్కడి కాలేజీల్లో ప్రవేశానికి శాట్ రాస్తోంది. అక్కడి పద్ధతి వేరు. చదవడం, రాయడం కలిపి ఒక విభాగం, లెక్కలు ఒక విభాగం, ఒక్కోటి రెండు భాగాలుగా వస్తుంది. ఇంగ్లిష్ భాగానికి 32 నిమిషాల్లో 27 ప్రశ్నలు, లెక్కల భాగానికి 35 నిమిషాల్లో 22. మొదటి భాగం ఎలా రాశామన్నదాన్ని బట్టి రెండో భాగం కఠినంగానో సులువుగానో వస్తుంది, ముగిసిన భాగానికి తిరిగి వెళ్లే వీలు లేదు. కాబట్టి చుట్టు తిరిగి రావడం అనేది ఆ 32 నిమిషాల్లోపే పెట్టుకోవాలి. తప్పుకు మార్కు కోత లేదు, ఖాళీ వదలకూడదు.

గొల్లపూడి నాన్న

సెంటర్ గురించి కూడా. ఊరి మధ్యలో పడుతుందని అనుకోవద్దు. మా అమ్మాయికి బాగా బయట ఇంజినీరింగ్ కాలేజీలో పడింది. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. ముందు రోజు ఒకసారి వెళ్లి దారి చూసి రండి. గుంటూరు నుంచి విజయవాడ వైపు సెంటర్ పడినవాళ్లు వారధి దగ్గర, బెంజ్ సర్కిల్ దగ్గర రద్దీని లెక్కలో పెట్టుకుని బయలుదేరాలి. మే నెల ఎండ సంగతి మన రెండు ఊళ్లవాళ్లకూ చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం షిఫ్టు పడిన పిల్లలు ఎండలో పరుగెత్తి వెళ్లి కూర్చుంటే మొదటి పావుగంట కుదుట పడటానికే పోతుంది.

ఆఖరి మూడు వారాలు మాక్ టెస్టులు అసలు పరీక్ష వేళకే రాయించాం. రాత్రి పదికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించే పరీక్షలు మాన్పించాం. పగలు నిద్రమత్తు తగ్గింది.

పటమట విద్యార్థిని

సార్, ఆఖరి సందేహం. పేపరు మరీ పొడవుగా వచ్చి, మొదటి చుట్టులో సగం కూడా కాకపోతే? నాకు అప్పుడు చేతులు చల్లబడతాయి.

గణితం మాస్టారు (గుంటూరు)

నీ ఒక్కదానికే పొడవుగా రాదమ్మా. జేఈఈ మెయిన్‌లో పర్సంటైల్ అంటే నీ షిఫ్టులో రాసినవాళ్లలో నూటికి ఎంతమంది నీతో సమానంగానో, నీకంటే వెనకో ఉన్నారన్నదే. ఈఏపీసెట్‌లోనూ షిఫ్టుల మధ్య తేడా సరిచేయడానికి నార్మలైజేషన్ చేస్తారు. కఠినమైన షిఫ్టులో అందరి మార్కులూ తగ్గుతాయి. అప్పుడు చేయాల్సిందల్లా మొదటి చుట్టు ఆపకుండా పూర్తి చేయడం, ఎందుకంటే కఠినమైన పేపరులోనూ సులువైనవి ఎక్కడో చెదిరి ఉంటాయి. అవి 70వ నంబరు దగ్గర ఉన్నాయేమో చూడకుండా ఎలా తెలుస్తుంది? చేతులు చల్లబడితే పెన్ను కింద పెట్టి, ఒక అరనిమిషం కళ్లు మూసుకో. మూడు గంటల్లో అరనిమిషం పెద్ద ఖర్చు కాదు.

లక్ష్మీపురం అమ్మ (గుంటూరు)

వాడు ఈ చర్చంతా నా పక్కన కూర్చుని చదివాడు. ఆదివారం మాక్‌ను నెట్ సెంటర్‌లో, కెమిస్ట్రీతో మొదలుపెట్టి రాస్తానన్నాడు. ఒక్కటి అడగమన్నాడు. చేతి గడియారం పెట్టుకోనిస్తారా?

తెనాలి బైపీసీ

నీట్‌కూ జేఈఈకీ చేతి గడియారం అనుమతించరు ఆంటీ. ఈఏపీసెట్‌కూ ఇంట్లోనే వదిలి వెళ్లమనండి. కంప్యూటర్ పరీక్షల్లో తెర మీద మిగిలిన సమయం వెనక్కి లెక్కపెడుతూ కనిపిస్తుంది. ఎంత అయిందో కాదు, ఎంత ఉందో చూపిస్తుంది. అందుకని తమ్ముణ్ణి తన సమయాలన్నీ అలాగే రాసుకోమనండి. కెమిస్ట్రీ 150 దగ్గర ముగియాలి, ఫిజిక్స్ 105 దగ్గర, మ్యాథ్స్ 10 దగ్గర. ఆదివారం మాక్‌కు కూడా గడియారం లేకుండానే వెళ్లమనండి.